గుండెపోటు, టకొట్సుబో: మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో తేడా ఎక్కడ?

ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు. గుండెపోటైనా, తీవ్రమైన ఒత్తిడి తర్వాత గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకొట్సుబో అనే జబ్బైనా, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈసీజీలో మార్పులు రెండింటిలోనూ ఉంటాయి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రెండింటిలోనూ పెరుగుతుంది. తేడా యాంజియోగ్రామ్‌లో, అంటే గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉందేమో చూసే పరీక్షలో తెలుస్తుంది.

గుండెపోటులో సాధారణంగా రక్తనాళంలో పేరుకున్న కొవ్వు చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. చచ్చిపోయిన కండరం తిరిగి రాదు. స్టెంట్ ఎంత త్వరగా పడితే అంత మేలు.

టకొట్సుబోను 1990లో జపాన్ వైద్యులు వర్ణించారు. ఇందులో జబ్బుకు కారణమయ్యే అడ్డంకి రక్తనాళాల్లో ఉండదు. అయినవాళ్లు పోయిన దుఃఖమో, పెద్ద గొడవో, ఆపరేషనో ఎదురైనప్పుడు అడ్రినలిన్ ఒక్కసారిగా పెరిగి, ఎడమ జఠరిక (గుండెలో ఒంటికి రక్తం పంపే గది) కొస కదలిక తగ్గి బెలూన్‌లా ఉబ్బుతుంది. రోగుల్లో దాదాపు 90 శాతం ఆడవాళ్లే, అందులోనూ ఎక్కువమంది మెనోపాజ్ దాటినవాళ్లు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గాక అడ్రినలిన్ దెబ్బ నుంచి గుండెకున్న రక్షణ సన్నగిల్లుతుందని వైద్యుల బలమైన అనుమానం.

అలాగని గుండె కోసం హార్మోన్ మాత్రలు వేసుకోకూడదు. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ కలిపి వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరగడంతో 2002లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు.

టకొట్సుబోలో చాలామందికి గుండె పంపింగ్ కొన్ని వారాల్లో మామూలవుతుంది. కానీ మొదటి రోజుల్లో ప్రాణాపాయం ఉంటుంది, మళ్లీ రావచ్చు కూడా. అందుకే "టెన్షన్ వల్లేలే, కాసేపు పడుకో" అనే మాట వింటే నాకు భయమేస్తుంది. ఏది ఏదో ఇంట్లో తేల్చలేం. ఇంట్లో చావు జరిగిన రోజున ఆ నొప్పి వచ్చినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి.