భీమవరంలో పళ్ళు క్లీనింగ్ చేయించుకున్నాను, జరిగింది జరిగినట్టు రాస్తున్నా

"మిషన్‌తో గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయిరా" అనేవారు మా పెదనాన్న. ఆ మాట పట్టుకుని నలభై ఆరేళ్ళు వచ్చేదాకా పళ్ళ డాక్టర్ మెట్లెక్కలేదు నేను. ఈమధ్య బ్రష్ చేసి ఉమ్మితే ఎర్రగా కనపడుతోంది, పైగా నాకు షుగర్, చిగుళ్ళు తొందరగా పాడవుతాయని మా ఆవిడ ఒకటే పోరు, ఇక తప్పక వెళ్ళాను.

పదకొండుకి రమ్మని కుర్చీలో కూర్చోబెట్టింది పన్నెండుంపావుకి. ముందు డాక్టర్ గారు చూసి, ఆ తర్వాత హైజీనిస్టు అమ్మాయికి అప్పజెప్పారు. మన దగ్గర చాలా క్లినిక్కుల్లో ఈ పని కూడా డాక్టరే చేసేస్తారు కాబట్టి నేను కొంచెం అనుమానంగానే చూశాను, కానీ హైజీనిస్టు అనేది ఊరికే పెట్టిన పేరు కాదు, 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే రాశారు, గార తీయడం, పాలిష్ చేయడం, పళ్ళ శుభ్రం గురించి చెప్పడం వాళ్ళ పని.

షుగర్ ఎంత, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, అన్నీ అడిగింది. "వక్కపొడి వేస్తారా అంకుల్?" అంటే "అప్పుడప్పుడూ అమ్మా" అన్నా. నోట్లో లైటు వేసి చూసి "ఊఁ, అప్పుడప్పుడే" అని నవ్వింది.

మిషన్ పెట్టే ముందు మిల్లీమీటర్ల గీతలున్న సన్న పుల్లలాంటిది చిగురుకీ పంటికీ మధ్య దించి ఒక్కో పంటికీ అంకెలు చెబుతుంటే ఇంకో అమ్మాయి రాసుకుంది. మూడు దాకా పర్లేదట. నాకు వెనక రెండు చోట్ల ఐదు వచ్చింది. మీరు వెళ్ళిన చోట ఇలా కొలవకుండా నేరుగా మిషన్ పెట్టేస్తే ఎందుకు కొలవలేదని అడగండి, ఇదొక్కటి గట్టిగా చెబుతున్నా.

మిషన్ కీచుమంటుంది, చల్లటి నీళ్ళు చిమ్ముతుంది, పక్కనుంచి గొట్టం ఆ నీళ్ళు లాగేస్తుంటుంది, అయినా నా చొక్కా కాలరు తడిసింది. నొప్పి పెద్దగా లేదు, కింద ముందు పళ్ళ లోపలి వైపు మాత్రం జివ్వుమంది. నాలుక కింద నుంచి లాలాజలం ఊరేది అక్కడే కాబట్టి గార అక్కడే ఎక్కువ కడుతుందట. మధ్యలో ఏదో టక్కున ఊడింది. పన్నే పోయిందనుకుని గుండె జారిపోయింది! ఆ అమ్మాయి దాన్ని దూది మీద పెట్టి చూపించింది: సగం ధనియం గింజంత, పైన నలుపు, లోపల పసుపు, గోరుతో నొక్కినా చిట్లలేదు. "పన్ను కాదు అంకుల్, గార."

పెదనాన్న మాట గురించి అప్పుడే అడిగేశా. ఎముక అరిగి ముందే వదులైన పళ్ళని ఈ గారే సిమెంటులా పట్టుకుని ఉంటుంది, అది తీశాక కదలిక తెలుస్తుంది, నింద మాత్రం మిషన్ మీదకి పోతుందట. ఆ అమ్మాయికిది రోజుకి పదిసార్లు చెప్పే సమాధానం అనుకుంటా, విసుక్కోకుండా చెప్పింది. తర్వాత అద్దం చేతికిచ్చి మెత్తటి బ్రష్‌ని చిగురు వైపు ఏటవాలుగా పెట్టి చిన్నచిన్నగా కదపడం నా చేతే చేయించింది. ఇన్నాళ్ళూ నేను తోముతున్నది ఇత్తడి బిందె తోమినట్టే.

నచ్చనిది కౌంటర్ దగ్గర. తొమ్మిది వందలు కడుతుంటే "తెల్లగా అవ్వడానికి బ్లీచింగ్ ప్యాకేజీ ఉంది సార్" అని మొదలుపెట్టారు. చిగుళ్ళ రక్తానికి వచ్చినవాడికి తెలుపెందుకండీ? వద్దంటే రెండోసారీ అడిగారు.

లోతున్న ఆ రెండు చోట్లా డాక్టర్ గారే మత్తిచ్చి క్లీన్ చేస్తారట, దానికి మళ్ళీ వెళ్ళాలి. రెండు మూడు రోజులు చల్లటివి వద్దని చెప్పి పంపినా వినకుండా దారిలో నిమ్మసోడా తాగాను. వీరవాసరం దాకా చెంప పట్టుకునే కూర్చున్నా.