రుషికొండ దారిలో ఒక క్లబ్బు: శుక్రవారం కుర్రవాడు, శనివారం అతిథి

విశాఖలో డీజే అనగానే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేవి వినాయక నిమజ్జనం నాడు లారీ మీద పేర్చిన బాక్సులూ, వాటి దెబ్బకు గడగడలాడే కిటికీ అద్దాలూను. అందుచేత, రుషికొండ వెళ్ళే దారిలో ఒక హోటలు కింది అంతస్తులోని క్లబ్బులో వారాంతాల్లో ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ మాత్రమే వేస్తున్నారనీ, సినిమా పాట అడిగినా వేయరనీ మిత్రులు చెప్పినప్పుడు నమ్మకం కన్నా కుతూహలంతోనే వెళ్ళాను. శుక్ర, శనివారాల్లో వరుసగా రెండు రాత్రులు చూశాను. క్లబ్బు పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఫిర్యాదు ఆ ఒక్క చోటికే పరిమితమైనది కాదు.

హాలు చిన్నదే, నూట యాభై మంది పడితే కిక్కిరిసిపోతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి కనుక ఇసుక మీద జరిగే పార్టీలు సరిగ్గా వేడెక్కే వేళకు ముగిసిపోతాయి; తలుపులు మూసిన గదికి ఆ చిక్కు లేదు. ప్రవేశ రుసుము జంటకు శుక్రవారం 1,500 రూపాయలు, శనివారం 3,000. అపోలో ఫిష్ బాగుంది. తక్కిన తిండి గురించి చెప్పుకోవడానికేమీ లేదు.

శుక్రవారం వాయించేది ఆ క్లబ్బులోనే ప్రతి వారం పనిచేసే గాజువాక కుర్రవాడు. ఎనిమిదిన్నరకు అతడు మొదలుపెట్టేసరికి లోపల పన్నెండు మందిమి ఉన్నాం. నిమిషానికి 116 బీట్ల దగ్గర, పక్కవాళ్ళ మాట వినపడేంత మెత్తగా, గాత్రం లేని పాటలతో అతడు దాదాపు గంటసేపు నడిపాడు. ఈ డాన్స్ సంగీతంలో ఒక రకమైన హౌస్ మామూలుగా 120కీ 130కీ మధ్య నడుస్తుంది కనుక ఇది నింపాదైన ఆరంభమే. ఖాళీ హాలులో వాయించడం ఎంత కష్టమో మనం పట్టించుకోం: నిండిన హాలుకు వేయవలసిన పాటను పన్నెండు మందికి వేస్తే ఆ పన్నెండు మందీ గోడకు అతుక్కుపోతారు, వేసినవాడి చేతిలో ఆ పైన వేయడానికి ఇంకేమీ మిగలదు.

ఒక పాట బీట్‌ను మరో పాట బీట్‌తో కలపడమే డీజే విద్య అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అది నిజంగానే విద్య. 1960ల చివర న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే, కింద పళ్ళెం తిరుగుతూండగానే రికార్డును వేలితో ఆపిపట్టి సరైన బీట్ మీద వదిలేవాడు. 1972లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనే రికార్డు ప్లేయరు వచ్చింది. మోటారు నేరుగా పళ్ళేన్నే తిప్పుతుంది కనుక వేగం నిలకడగా ఉండేది. 1979 నాటి రెండో నమూనాలో ఆ వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట పెట్టారు. 2001లో పయనీర్ సీడీజే-1000 అనే సీడీ ప్లేయరు వచ్చాక సీడీని కూడా రికార్డులాగే చేత్తో తిప్పగలిగారు. నేడు సింక్ అనే బొత్తాం నొక్కితే రెండు పాటల వేగాలు వాటంతటవే కలుస్తాయి. అంటే వేగం కలపడం పనిలో తేలిక భాగమైపోయింది. ఏ పాట, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే అసలు పనిగా మిగిలింది.

ఆ పనిని పది గంటలప్పుడు దగ్గర నుంచి చూశాను. ఫ్లోర్ మీద నలభై మంది దాకా ఉన్నారు. ఎడమ వైపు ఒక గుంపు మెల్లగా బల్లల వైపు జారుకుంటోంది. కుర్రవాడు హెడ్‌ఫోన్ ఒక చెవికే ఆనించుకొని, చూపు పాటలను కలిపే మిక్సర్ మీద కాక ఆ గుంపు మీదే నిలిపాడు. ఈ సంగీతంలో మార్పులు సాధారణంగా 32 బీట్లకొకసారి వస్తాయి. మన లెక్కలో ఆదితాళం నాలుగు ఆవర్తనాలు. అతడు మూడు ఆవర్తనాలు ఊరకే ఉన్నాడు. నాలుగోదానిలో వెళ్ళే పాట బేస్ (మంద్ర ధ్వని) పూర్తిగా తగ్గించాడు, ఉన్నట్టుండి కాళ్ళ కింద నేల తీసేసినట్టయింది. సరిగ్గా సమం మీద, అంటే తరువాతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద, వచ్చే పాట బేస్ తెరిచాడు. రెండు బేస్‌లు కలిసి మోగితే శబ్దం బురద బురదగా ఉంటుందని ఒకటి మూసి మరొకటి తెరవడం ప్రతి డీజేకీ తెలిసినదే. ఎవరి కోసం, ఏ క్షణాన తెరవాలో అందరికీ తెలియదు. గ్లాసు అందుకోబోతున్న ఒకమ్మాయి దాన్ని ముట్టకుండానే వెనక్కి తిరిగింది.

తరువాత అతడు వేసిన ఒక పాటలో టీబీ-303 నాదం గమకంలా జారుతూ వినిపించింది. గిటారు వాయించేవాళ్ళకు తోడుగా బేస్ వాయించడానికని రోలాండ్ సంస్థ 1981లో తెచ్చిన ఆ చిన్న యంత్రం అమ్ముడుపోక మూలనపడితే, కొన్నేళ్ళకు షికాగో కుర్రాళ్ళు దాన్ని తీసి యాసిడ్ హౌస్ అనే శైలిని పుట్టించారు. వాళ్ళ కన్నా ముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే వాద్యకారుడు అదే యంత్రం మీద రాగాలు పలికించాడన్నది నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటేసే సంగతి.

శనివారం వేరే నగరం నుంచి పేరున్న అతిథి వచ్చాడు. చేతి నైపుణ్యంలో శుక్రవారం కుర్రవాడు అతనికి సాటిరాడు. మూడు డెక్కులు (పాటలు వేసే ప్లేయర్లు) ఒకేసారి నడుపుతూ అతడు ఒక పది నిమిషాలు వేసిన, డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో సంగీతం ఆ రెండు రాత్రుల్లోనూ అత్యుత్తమమైన పది నిమిషాలు, అది ఒప్పుకోవాలి. అయితే మొదటి పాటే 130తో మొదలైంది. రెండు నిమిషాలకొక డ్రాప్ (ఆపి పట్టిన బీటూ బేసూ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు), ప్రతి డ్రాప్‌కూ ముందు మైకులో ‘వైజాగ్, చేతులెత్తండి’ అన్న కేక. నాలుగోసారికి చేతులు సగమే లేచాయి, ఆరోసారికి ఫోన్లు మాత్రమే లేచాయి. ముందే పేర్చుకొచ్చిన వరుసను అతడు ఎక్కడా మార్చలేదు. ఫ్లోర్ పలచబడటం అతనికి కనిపించనే లేదు.

నా ఫిర్యాదు ఇక్కడే. శబ్దం హద్దు దాటిందని చెప్పే ఎర్ర దీపాలు మిక్సర్ మీద అరగంటసేపు ఆరలేదు. శబ్దం ఆ హద్దు దాటాక గట్టిదనం పెరగదు, తరంగం కొసలు తెగి చెవిలో గీరుకుంటుంది. స్పీకరుకు నాలుగడుగుల దూరంలో నా ఫోను 106 డెసిబెల్స్ చూపింది. ఫోను లెక్క కచ్చితం కాదు, నిజమే. అయినా ఇలాంటి వేదికల్లో సగటున 100 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. సౌండు చూసుకునే అతన్ని అడిగితే, ‘గెస్ట్ గారు తగ్గించనివ్వట్లేదండి’ అన్నాడు. రెట్టింపు డబ్బు తీసుకున్న రాత్రి శబ్దం మీద అదుపును అతిథికి వదిలేయడం యాజమాన్యం తప్పు.

ఈ సంగీతానికి దారి వేసిన ఇద్దరూ ఒకే గదిని కనిపెట్టుకొని ఉన్నవాళ్ళు కావడం కాకతాళీయం కాదనుకుంటాను. షికాగోలోని వేర్‌హౌస్‌లో 1977 నుంచి వాయించిన ఫ్రాంకీ నకల్స్ వల్ల ఆ క్లబ్బు పేరులోని చివరి ముక్కే హౌస్ అన్న పేరయింది. న్యూయార్క్‌లోని ప్యారడైజ్ గరాజ్‌లో 1987లో అది మూతపడే వరకు లారీ లెవాన్ వాయించాడు. పాటల మీద ఉన్నంత శ్రద్ధ అతనికి ఆ గది సౌండ్ మీదా ఉండేది. వారం వారం అదే నేల మీద అవే మొహాలను చూసేవాడికి, ఆ రాత్రికి విమానం దిగి వచ్చినవాడికి తెలియనిది ఏదో తెలుస్తుంది. మా గాజువాక కుర్రవాణ్ణి వాళ్ళ పక్కన నిలబెట్టడం లేదు; అతనికి ఇంకా పాటల నిల్వ తక్కువ, పదకొండు దాటాక అదే రకం ఊపు రెండుసార్లు తిరిగొచ్చింది. అయినా పోస్టరు మీద అతని పేరు అతిథి పేరు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

వెళ్ళదలచుకుంటే శుక్రవారం, ఎనిమిదిన్నరకల్లా వెళ్ళండి. ఆలస్యమైతే ఆ మొదటి గంట పోతుంది. స్పీకర్ల ఎదుట కాక హాలు మధ్యలోని స్తంభం దగ్గర నిలబడితే బేస్ శుభ్రంగా వినిపిస్తుంది. చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు మీరే తెచ్చుకోవాలి, అక్కడ ఇవ్వరు. తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోండి. ఆ వేళకు బీచ్ రోడ్డులో దొరికేవాళ్ళు ద్వారకానగర్ దాకా నాలుగు వందలకు తక్కువైతే కదలనంటున్నారు.