అపలాచియన్ కొండల్లో చిన్న ఊరు చూడాలంటే ఏది మేలు: గాట్లిన్‌బర్గా, జోన్స్‌బరోనా, ఫ్లాయిడా?

అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే తెలుగువాళ్ళకి లాంగ్ వీకెండ్ అనగానే ముందు గుర్తొచ్చేది టెన్నెసీలోని గాట్లిన్‌బర్గ్. నాలుగు కుటుంబాలు కలిసి ఒక పెద్ద క్యాబిన్ మాట్లాడుకోవడం, పులిహోర కట్టుకుని బయల్దేరడం, కొండలు చూసి రావడం. బాగానే ఉంటుంది. కానీ ఆ కొండల్లో మనుషులు ఎలా బతుకుతారు, శుక్రవారం సాయంత్రం ఎక్కడ కలుస్తారు, ఏం వండుకుంటారు, ఏం పాడుకుంటారు అన్నది చూడాలంటే మాత్రం ఆ ఊరు సరిపోదు. నా ఓటు వర్జీనియాలోని ఫ్లాయిడ్‌కి. అలాగని అందరికీ అదే నప్పుతుందని అనను.

ముందు గాట్లిన్‌బర్గ్ సంగతి. ఊరి జనాభా 4 వేలు కూడా లేదు. పక్కనే ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌కి వచ్చే సందర్శకులు మాత్రం ఏటా సుమారు కోటీ ఇరవై లక్షలు. అమెరికాలో మరే నేషనల్ పార్క్‌కీ ఇంత రద్దీ లేదు. అంతమంది ఆ ఒక్క మెయిన్ రోడ్డు మీద తిరుగుతుంటే పాన్‌కేక్ హోటళ్ళు, మిఠాయి దుకాణాలు, రోప్‌వేలు, ఎత్తు టవర్లు రాకుండా ఎలా ఉంటాయి? అక్కడ పనిచేసేవాళ్ళు రోజంతా మన కోసమే నిలబడి ఉంటారు. వాళ్ళ సొంత సాయంత్రం ఎలా గడుస్తుందో మనకి కనిపించదు. పిల్లలు చిన్నవాళ్ళైతే, పార్క్ చూడటమే అసలు పనైతే గాట్లిన్‌బర్గే మేలు. పార్క్ ప్రవేశానికి టికెట్ లేదు, 2023 నుంచి పార్కింగ్‌కి మాత్రం ట్యాగ్ కొనాలి. వెళ్ళినవాళ్ళు ఊరి గోలలోంచి పక్కకి తిరిగి గ్లేడ్స్ రోడ్డు వైపు వెళ్తే 8 మైళ్ళ చుట్టుదారి ఒకటుంది. బుట్టలు అల్లేవాళ్ళు, చీపుర్లు కట్టేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు అక్కడ తమ దుకాణాల్లోనే పని చేస్తూ కనిపిస్తారు. 1912లో కొండ పిల్లల కోసం పెట్టిన ఒక బడి ఇక్కడి చేతిపనులకి ఊపిరి పోసింది, ఆరోమాంట్ అనే కళల బడిగా ఇప్పటికీ నడుస్తోంది. పాత గాట్లిన్‌బర్గ్ ఏదైనా మిగిలి ఉంటే అది అక్కడే.

జోన్స్‌బరో కూడా టెన్నెసీదే, ఆ రాష్ట్రంలోకెల్లా పాత ఊరు. 1779లో కట్టారు, అంటే రాష్ట్రం ఏర్పడటానికి 17 ఏళ్ళ ముందే ఊరుంది. ఇటుకలు పరిచిన నడకదారులు, పాత సత్రం, కోర్టు భవనం, అన్నీ ఒకే వీధిలో. బానిసత్వాన్ని రద్దు చేయాలని పోరాడటమే పనిగా పెట్టుకున్న తొలి పత్రికల్లో ఒకదాన్ని 1820లో ఎలైహూ ఎంబ్రీ ఈ ఊళ్ళోనే అచ్చువేశాడు. దక్షిణాదిలో, బానిసలున్న రాష్ట్రంలో కూర్చుని ఆ పని చేయడానికి ఎంత ధైర్యం కావాలి!

అయితే ఇవాళ ఊరికి పేరు తెచ్చింది కథలు. 1973లో కోర్టు ముందు ఎండుగడ్డి బండి మీద నిలబడి కొందరు కథలు చెప్పారు. అదే పెరిగి పెరిగి జాతీయ కథాకథన ఉత్సవం అయింది, ఏటా అక్టోబర్ మొదటి వారాంతంలో జరుగుతుంది. ఊరంతా పెద్ద పెద్ద డేరాలు వేస్తారు, వేలమంది గంటల తరబడి కూర్చుని వింటారు. నార్త్ కరోలినాలోని బీచ్ మౌంటెన్‌కి చెందిన రే హిక్స్ అనే రైతు ఏళ్ళ తరబడి అక్కడ జాక్ కథలు చెప్పాడు. పేదింటి కుర్రాడు తెలివితో రాక్షసులని, రాజులని గెలిచే కథలవి. మన పేదరాశి పెద్దమ్మ కథలు విన్నవాళ్ళకి ఆ దారి వెంటనే దొరుకుతుంది. ఉత్సవానికి కుదరకపోయినా ఎండాకాలంలో ఊళ్ళోని కథల కేంద్రంలో కార్యక్రమాలుంటాయి.

ఒక్క ఇబ్బంది ఉంది. ఇక్కడ అంతా మాట మీదే నడుస్తుంది. కొండయాసలో, నెమ్మదిగా, సగం నవ్వు దాచుకుని చెప్పే ఇంగ్లిష్ అర్థం కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇంగ్లిష్ అంతగా అలవాటు లేకపోతే పాపం మూడు గంటలు మర్యాదకి కూర్చోవాల్సి వస్తుంది.

ఫ్లాయిడ్‌లో ఆ బెంగ లేదు. ఊళ్ళో ఉండేది సుమారు 450 మంది. కౌంటీ మొత్తానికి ఒకటే ట్రాఫిక్ లైట్. సముద్రమట్టానికి దాదాపు 2,500 అడుగుల ఎత్తు కాబట్టి జులైలో కూడా సాయంత్రాలు చల్లగా ఉంటాయి. ఆ లైటుకి నాలుగడుగుల దూరంలో ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్ అని వందేళ్ళు దాటిన పాత కొట్టు ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం అందులో పాటకచేరి పెడతారు. ముందు భక్తి పాటలు, ఆ తర్వాత ఫిడేలు, బాంజో, గిటార్ అందుకోగానే కుర్చీలు ఖాళీ అయిపోతాయి. పాదం పెద్దగా పైకి లేపకుండా నేల మీద తాళం వేసే ఫ్లాట్‌ఫుట్ అనే నాట్యం చేస్తారు. ఎనభై ఏళ్ళ పెద్దాయన పక్కనే ఆరేళ్ళ పాప. పార్ట్‌నర్ అక్కర్లేదు, నాట్యం రాకపోయినా ఎవరూ వింతగా చూడరు. కుటుంబాలతో వచ్చే చోటు, మందు ఉండదు. మన అత్తమ్మలు, మామయ్యలు కూడా ఒక మూల కూర్చుని తల ఊపడం మొదలుపెడతారు, ఎందుకంటే తాళానికి ఇంగ్లిష్ అవసరం లేదు.

ఎండాకాలంలో అయితే లోపల చోటు చాలదు. బయట రోడ్డు పక్కన, సందుల్లో ఎవరికి వాళ్ళు గుంపులుగా చేరి వాయిస్తుంటారు. ఆ సంగీతం పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. ఫిడేలు పాటలు స్కాట్లాండ్, ఐర్లాండ్, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చారు. బాంజో ఆఫ్రికాది, బానిసలుగా తీసుకొచ్చినవాళ్ళ చేతుల్లో ఇక్కడికొచ్చింది. ఆ రెండూ ఈ కొండల్లో కలిశాయి. నైరుతి వర్జీనియాలో ఇలాంటి చోట్లన్నిటినీ కలుపుతూ క్రూకెడ్ రోడ్ అని 300 మైళ్ళకి పైగా ఉన్న సంగీత దారి ఉంది, ఫ్లాయిడ్ అందులో ఒక ముఖ్యమైన మజిలీ.

నాకు ఈ ఊరు ఇంతగా నచ్చడానికి అసలు కారణం, ఆ శుక్రవారం వాళ్ళు తమ కోసం పెట్టుకున్నది. మనం వెళ్ళినా వెళ్ళకపోయినా జరుగుతుంది. 1970ల ప్రాంతంలో నగరాలు వదిలి వచ్చి ఇక్కడ పొలాలు, కుండల బట్టీలు పెట్టుకున్నవాళ్ళు, తాతల నాటి నుంచి ఇక్కడే పశువులు మేపుకుంటున్నవాళ్ళు ఆ ఒక్క నేల మీద కలిసి ఆడతారు. రాజకీయాల్లో ఈ రెండు వర్గాలకీ ఎంత దూరమో తెలిసినవాళ్ళకి ఆ దృశ్యం విలువ తెలుస్తుంది.

చూడటానికి కూడా దగ్గర్లో చాలా ఉంది. బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీద మేబ్రీ మిల్ అనే పాత నీటిమర, 3,971 అడుగుల బఫెలో మౌంటెన్. మంగళవారం వెళ్తే మాత్రం ఫ్లాయిడ్‌లో రెండు గంటల్లో పని అయిపోతుంది. శుక్రవారం కుదరకపోతే జోన్స్‌బరోకే వెళ్ళండి.

తిండి విషయంలో మూడు చోట్లా ఒకటే జాగ్రత్త. సూప్ బీన్స్ అనే ఉడికించిన చిక్కుడుగింజలు, జొన్నరొట్టెని గుర్తుచేసే మొక్కజొన్న రొట్టె ఈ కొండల ఇంటి భోజనం, మనవాళ్ళకి చక్కగా నచ్చుతుంది. కానీ బీన్స్‌లో, ఆకుకూరల్లో పంది మాంసం ముక్క వేయడం మామూలే, మెత్తటి బన్నుల్లాంటి ఇక్కడి బిస్కెట్ల మీద పోసే గ్రేవీలో సాసేజ్ ఉంటుంది. శాకాహారులు అడిగి తినాలి. అక్టోబర్‌లో రోడ్డు పక్కన ఆపిల్ బటర్ అనే చిక్కటి ఆపిల్ గుజ్జు సీసాలు కనిపిస్తే వదలకండి.

చూడటం కాదు, అక్కడే కాపురం పెట్టాలంటే లెక్క మారుతుంది, నేను జోన్స్‌బరోనే ఎంచుకుంటాను. పక్కనే జాన్సన్ సిటీ, అందులో యూనివర్సిటీ, పెద్ద ఆసుపత్రులు. అమెరికా డాక్టర్లు రావడానికి ఇష్టపడని అపలాచియా ఊళ్ళకి 1970ల నుంచీ భారతీయ డాక్టర్లు, వాళ్ళలో తెలుగువాళ్ళూ వచ్చి స్థిరపడ్డారు కాబట్టి ఈ ప్రాంతానికి మనం మరీ కొత్తవాళ్ళం కాదు. ఫ్లాయిడ్‌లో ఇంటర్నెట్‌కి లోటు లేదు. 1914లో పుట్టిన టెలిఫోన్ సహకార సంఘమే ఇప్పుడు ఫైబర్ లైన్లు ఇస్తోంది, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి చాలు. కానీ రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే కొండ మలుపులు దిగి క్రిస్టియన్స్‌బర్గ్ వైపు పోవాలి. పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ టెన్షన్ చిన్నది కాదు.

అక్టోబర్ మధ్యలో ఆకులు రంగు మారే రోజుల్లో గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఈ కొండల్ని దారుణంగా దెబ్బతీసింది, బ్లూ రిడ్జ్ పార్క్‌వే చాలా చోట్ల తెగింది. బయల్దేరే ముందు ఏ భాగం తెరిచి ఉందో నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు.