మింకీ తిమింగలం పిల్ల పుర్రె మోడల్: పుర్రె సూపర్, వయసు చార్ట్ మాత్రం నమ్మొద్దు

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పుర్రె కిట్ ఇది, కంపెనీ పేరు చెప్పను ఎందుకంటే పొగడటంతో పాటు తిట్టేది కూడా ఉంది. అసలు పుర్రెని స్కాన్ చేసి చిన్న సైజులో రెజిన్‌తో ప్రింట్ చేశారు, ఎముకలన్నీ విడివిడిగా వస్తాయి, లోపల అయస్కాంతాలు ఉన్నాయి కాబట్టి దగ్గరికి పెడితే టక్కున పట్టుకుంటాయి. దాంతో పాటు చెవి ఎముక ఒకటి అసలు సైజులో, ఇంకా ఒక వయసు చార్ట్.

పుర్రె పని మాత్రం నిజంగా బాగా చేశారు. పిల్ల తిమింగలానికి మూతి పొట్టిగా, మెదడు ఉండే వెనక భాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, ఎదిగేకొద్దీ మూతి మిగతా పుర్రె కంటే స్పీడుగా సాగిపోతుంది, ఈ మోడల్ పక్కన పెద్దదాని పుర్రె ఫొటో పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకో విషయం, పై దవడ ఎముకలు వెనక్కి, తల వెనక ఎముక ముందుకి జరిగి ఎముకలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కేస్తాయి కదా, దీన్నే టెలిస్కోపింగ్ అంటారు, 1923లో జంతుశాస్త్రవేత్త గెరిట్ మిల్లర్ దీని మీదే పెద్ద పేపర్ రాశాడు, అది బొమ్మల్లో చూస్తే నాకెప్పుడూ సరిగ్గా ఎక్కలేదు, ఇక్కడ ఎముక తీసి కింద ఏముందో చూసి మళ్లీ పెట్టొచ్చు. ఈ ఒక్క దానికే కొనొచ్చు అంటాను.

ఇక చార్ట్. పుర్రె అతుకులు, అంటే ఎముకలు కలిసే గీతలు, చూసి వయసు నెలల్లో చెప్పేయొచ్చంట! ఎలా కుదురుతుందండీ? తల వెనక ఎముకలు చాలా చిన్నప్పుడే కలిసిపోతాయి, కలిసిపోయాక వాటిని ఎంత చూసినా ఏం లాభం. మూతి వైపు ఎముకలేమో పెద్దయ్యాక కూడా వదులుగానే ఉంటాయి, కింది దవడ రెండు ముక్కలైతే గడ్డం దగ్గర జీవితాంతం అతుక్కోవు. అంటే పుర్రె చూసి ఇది పిల్లా, ఎదుగుతున్నదా, పెద్దదా అని చెప్పొచ్చు కానీ ఇన్ని నెలలు అని చెప్పలేం. పాలు తాగే వయసు పిల్లకైతే ఒంటి పొడవు కొలుచుకోవడమే నయం, మింకీ పిల్ల పుట్టినప్పుడు సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది.

ఇదే కిట్‌లో సరైన సమాధానం పెట్టి దాని గురించి ఒక్క ముక్క రాయకపోవడం ఇంకా విచిత్రం, అదే ఆ చెవి ఎముక. చూడ్డానికి పెద్ద గవ్వలా ఉంటుంది, టింపానిక్ బుల్లా అంటారు. పళ్లున్న తిమింగలాలకైతే వయసు తెలియడానికి పంటిని కోసి, చెట్టు వలయాల్లా పొరలు లెక్కపెడతారు, మింకీ లాంటి బలీన్ తిమింగలాలకి (పళ్లకి బదులు జల్లెడలాంటి పలకలు ఉండేవాటికి) తల్లి కడుపులో ఉన్నప్పుడు మొలిచే పంటి మొగ్గలు పుట్టేలోపే కరిగిపోతాయి కాబట్టి ఆ దారి లేదు. ఫిన్ తిమింగలం లాంటి పెద్దవాటిలో చెవి గులిమి పొరలు లెక్కపెడతారు, కానీ పిల్ల మింకీల్లో ఆ గులిమి మెత్తగా ఉండి తీసేటప్పుడే పాడైపోతుంది. అందుకే బుల్లాని కోసి అందులో పొరలు చూసే పద్ధతి వచ్చింది. ఇది మిగతా పుర్రె కంటే చాలా ముందే ఎదిగిపోయే ఎముక. కిట్‌లో దాన్ని అడ్డంగా కోసి చూపించారు, బాగుంది, కాకపోతే పొరలు మరీ నీట్‌గా గీసినట్టున్నాయి, నిజం ఎముకలో ఇద్దరు లెక్కపెడితే రెండు లెక్కలు రావడం మామూలే.

చార్ట్ స్థానంలో మిగతా పద్ధతుల గురించి ఒక పేజీ ఇచ్చినా సరిపోయేది, బోహెడ్ తిమింగలాల కంటి లెన్సుతో 200 ఏళ్లు దాటినవాటిని కూడా గుర్తించారు, 2014లో హంప్‌బ్యాక్ చర్మం ముక్కలోని డీఎన్ఏతో వయసు అంచనా వేసే పద్ధతి కూడా వచ్చింది. ఇదంతా మెయిల్ చేస్తే "విద్యార్థుల కోసం సరళంగా ఇచ్చాం" అని జవాబు. సరళం వేరు, తప్పు వేరు కదా.

ప్యాకింగ్ ఓకే, ముక్కు ఎముక ఒకటి విరిగి వస్తే అడగ్గానే కొత్తది పంపారు. ఎనాటమీ చదివేవాళ్లు, స్కూల్లో చూపించాలనుకునేవాళ్లు తీసుకోండి, చార్ట్ పక్కన పడేయండి. స్టాండ్ మాత్రం విడిగా కొనుక్కోవాలి, అది లేకపోతే మూతి బరువుకి పుర్రె ముందుకి వాలిపోతోంది.