బద్దెపురుగు మాత్ర అని కుక్కల మందు అంటగడుతున్నారు: రాయగడ వైపు తెలుగువారికి హెచ్చరిక

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉంటున్న తెలుగువారు ఇది తప్పక చదవండి. కడుపులో పురుగులకు మందు కొనేటప్పుడు స్ట్రిప్పులోంచి కత్తిరించి ఇచ్చే విడి మాత్రలు తీసుకోవద్దు. బద్దెపురుగు (నాడాలా ఉండే పేగు పురుగు, టేప్‌వర్మ్) మందైతే అసలే వద్దు.

మా పిన్ని కొడుకుకు కొంతకాలంగా విరేచనంలో తెల్లటి నాడా ముక్కల్లాంటివి పడుతున్నాయి. ఆసుపత్రిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి రాయగడలో ఒక మందుల దుకాణంలో అడిగాడు. దుకాణదారు చక్కటి తెలుగు మాట్లాడాడు. మన సరిహద్దు ఊళ్లలో నమ్మకం కుదరడానికి ఆ ఒక్కటి చాలు కదా! "పెద్ద పురుగు బాబూ, దీనికి మామూలు మాత్ర పనిచేయదు" అంటూ నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చి, ఒక్కోదానికి 120 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. బరువెంత, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని ఒక్క మాట అడగలేదు. మావాడు మూర్ఛకు ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ వాడుతున్నాడు.

రెండు మింగాడు. రాత్రంతా వాంతులు. మిగిలిన రెండూ నా చేతికి వచ్చాక వెనక రేకు మీది అక్షరాలు చూశాను: ప్రాజిక్వాంటెల్ 50 మి.గ్రా., పైరాంటెల్, ఫెబాంటెల్. ఈ మూడూ కలిపి ఉండేది కుక్కలకు వేసే పురుగు మాత్ర. అంచున సగం తెగిన పశువు తల బొమ్మ. పశువుల మందు లేబులు మీద ఆ బొమ్మ, మనుషులకు వాడరాదన్న హెచ్చరిక ఉండాలన్నది మన దేశంలో నిబంధన. కత్తెర సరిగ్గా ఆ హెచ్చరిక దగ్గరే పడింది. పొరపాటున పడిందని నేననుకోను.

వెళ్లి నిలదీస్తే, "మందు ఒకటే, ప్యాకింగు వేరు" అన్నాడు. డబ్బు వెనక్కి అడిగితే బిల్లు చూపించమన్నాడు.

మందు ఒకటి కాదు. ప్రాజిక్వాంటెల్ మనుషులకూ ఇస్తారు, నిజమే. పంది మాంసం ద్వారానో పశుమాంసం ద్వారానో వచ్చే బద్దెపురుగుకు కిలో బరువుకు 5 నుంచి 10 మి.గ్రా. చొప్పున ఒక్కసారి ఇస్తారు. అంటే 60 కిలోల మనిషికి 300 నుంచి 600. మావాడు మింగింది మొత్తం కలిపి 100. దాంతో పురుగు చస్తుందన్న నమ్మకం లేదు, పైగా మనుషులకు వాడని ఫెబాంటెల్ ఒంట్లోకి పోయింది. పురుగు తల పేగు గోడను పట్టుకుని మిగిలిపోతే మళ్లీ పెరుగుతుంది. ఈ లెక్క చూసి మీకు మీరే మోతాదు వేసుకోకండి. మరుగుజ్జు బద్దెపురుగుకు మోతాదు కిలోకు 25 మి.గ్రా. ఏ పురుగో పరీక్షలో తేలాలి.

నన్ను అసలు భయపెట్టింది మోతాదు కాదు, మూర్ఛ. పంది బద్దెపురుగు గుడ్లు నోట్లోకి పోతే వాటి పిల్లదశ రక్తంలో ప్రయాణించి మెదడులో, కంట్లో, కండరాల్లో తిత్తులుగా స్థిరపడుతుంది. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు కొత్తగా మూర్ఛ వస్తే డాక్టర్లు ముందు అనుమానించే వాటిలో ఇదొకటి. పేగులోని పురుగు కోసం వేసిన ప్రాజిక్వాంటెల్ రక్తంలో కలిసి మెదడులోని తిత్తుల దాకా వెళ్తుంది. అవి చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి తీవ్రమైన మూర్ఛ రావచ్చు. కంట్లో తిత్తి ఉంటే చూపే పోవచ్చు. అందుకే తలనొప్పులు, మూర్ఛ, చర్మం కింద గట్టి గడ్డలు ఉన్నాయా అని అడగకుండా ఈ మందు ఇవ్వకూడదు. కోరాపుట్‌లోని పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది అదే. సీటీ స్కాన్ తీయించి, మెదడులో ఏమీ లేదని చూశాకే మందు రాశారు. మూర్ఛ ఉన్నవారికి నిక్లోసమైడ్ అనే మరో మందు కూడా ఉందని, అది పేగులోనే ఉండిపోయి రక్తంలోకి దాదాపుగా చేరదని ఆవిడే చెప్పారు.

వాడుతున్న మందులన్నీ చెప్పడం కూడా అంతే ముఖ్యం. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ప్రాజిక్వాంటెల్ బలాన్ని తగ్గిస్తాయి. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి ప్రాజిక్వాంటెల్ ఇవ్వరు. గర్భిణులు ఏ పురుగు మందునూ డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

బడిలో నులిపురుగుల దినాన పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ చాలదా అని మా పక్కింటావిడ అడిగారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆ 400 మి.గ్రా. మాత్ర ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగుల వంటివాటి కోసం. బద్దెపురుగుకు ఆ ఒక్క మాత్రను నమ్ముకోలేం.

ఇంకో మాట. "మేం మాంసం ముట్టం, మాకెందుకు వస్తుంది" అనేవారున్నారు. పేగులో పంది బద్దెపురుగు పెరిగేది సరిగా ఉడకని మాంసం వల్లే కానీ, మెదడుకు ముప్పు తెచ్చే గుడ్లు మురికి చేతుల మీద, నీటిలో, కడగని ఆకుకూరల మీద ఉంటాయి. పురుగున్న మనిషి చేతి వంట తిన్న శాకాహారికీ తిత్తులు రావచ్చు. కాబట్టి పందులు పెంచేవాళ్లను ఆడిపోసుకోవడం మానండి.

ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితం. రాసిన మందు అక్కడ లేకపోతే బయట కొనండి, కానీ పేరు, గడువు తేదీ, తయారీదారు వివరాలు కనిపించే పూర్తి స్ట్రిప్పు అడగండి. బిల్లు రాసేదాకా కౌంటరు వదలకండి. మందు వేసుకున్న నెల నుంచి మూడు నెలల లోపు మళ్లీ మల పరీక్ష చేయించుకోవాలి.

ఇలాంటి స్ట్రిప్పు ముక్కలు ఇప్పటికే కొన్నవారెవరైనా ఉంటే మింగకండి, పారేయకండి కూడా. మా దగ్గరున్న రెండింటినీ రేకుతో సహా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఇస్తున్నాం. బిల్లు లేనప్పుడు చూపించడానికి ఆ రేకు ఒక్కటే ఆధారం.