నెల్లూరు డిగ్రీలో తత్వశాస్త్రం పేపర్: హాజరు, మాట తీరు, మార్కులు

నాది బిట్రగుంట. రోజూ ప్యాసింజర్‌లో నెల్లూరు వెళ్లి డిగ్రీ చదువుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో తత్వశాస్త్ర పరిచయం పేపర్ తీసుకున్నాను. తీసుకోవచ్చా అని జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. సిలబస్ ఎక్కడైనా దొరుకుతుంది. హాజరు ఎలా వేస్తారు, క్లాసులో ఎలా ఉండాలి, మార్కులు ఎలా పడతాయి అన్నది చదివినవాళ్లే చెప్పాలి. కాలేజీ పేరు రాయడం లేదు. తీసుకోండి అన్నదే నా మాట. హాజరు పద్ధతి మాత్రం మారాలి.

హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు తగ్గినా పర్వాలేదన్న అనుమతి, తెచ్చుకోవాలి. ఇది మిగతా పేపర్లకూ ఉన్నదే. మా క్లాసు ఉదయం తొమ్మిదిన్నరకు. పది నిమిషాలు దాటి వస్తే లోపలికి రానిస్తారు, పాఠం వినొచ్చు, కానీ ఆబ్సెంటే. మా బండి పడుగుపాడు దగ్గర సిగ్నల్ కోసం ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. పెన్న బ్రిడ్జి దాటితే నెల్లూరే. అక్కడ కూర్చుని టైం చూసుకుంటూ ఉండటమే.

సెమిస్టర్‌లో 60 క్లాసులు జరిగాయి. నాకు 41 పడ్డాయి, అంటే 68 శాతం. లేటుగా వచ్చి చివరిదాకా విన్న క్లాసులు ఇంకో ఏడు. అవి కలిపితే 80 శాతం. ఆఫీసులో అడిగితే మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. "ఎవరో ఒక డాక్టర్ దగ్గర జ్వరం అని రాయించుకురా రా, అందరూ చేసేదేగా" అన్నాడు మా బెంచి వాడు. నాకు జ్వరం రాలేదు. పైగా మేం అదే వారం సోక్రటీసు పాఠం విన్నాం. క్రీస్తుపూర్వం 399లో ఆయనకు మరణశిక్ష పడితే, జైలు నుంచి తప్పిస్తానని స్నేహితుడు క్రీటో వస్తాడు. తప్పుకు బదులు తప్పు చేయనని ఆయన వెళ్లడు. ఆ పాఠం రాసుకున్న నోటుబుక్కు సంచీలో ఉండగా దొంగ సర్టిఫికెట్ కోసం వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు.

సార్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన రిజిస్టర్ తెరిచి చూపించారు. నా పేరు వరసలో ఎర్ర ఇంకుతో 'ఆ' అని ఉంది. ఏడు చోట్ల ఆ పక్కనే పెన్సిల్‌తో చిన్న అంకెలు: 9.48, 9.52, 10.05. నేను తలుపు దగ్గర నిలబడిన టైం ఆయన ప్రతిసారీ రాసుకున్నారు! "జరిగింది జరిగినట్టు లెటర్ రాయి నాన్నా" అని, కింద ఆ ఏడు తేదీలూ టైములూ ఆయనే రాసి సంతకం పెట్టారు. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. ఫీజు మాత్రం కట్టాల్సి వచ్చింది. నా పని అయిపోయింది కానీ రూలు అలాగే ఉంది. సార్ పెన్సిల్‌తో రాసుకోకపోయి ఉంటే నా మాటకు ఆధారమేదీ? లేటుకు రిజిస్టర్‌లో విడిగా ఒక గడి పెట్టాలి. అబద్ధం రాయించుకొచ్చిన వాడికి తేలిగ్గా, నిజం చెప్పిన వాడికి కష్టంగా రూలు ఉండకూడదు, అందులోనూ ఈ పేపర్‌లో.

ఇక క్లాసులో నడుచుకోవాల్సిన తీరు. ఫోన్ సంచీలో ఉండాలి. కాపీ కొట్టిన వ్యాసానికి సున్నా, రెండో అవకాశం లేదు. అసలు రూలు ఇంకొకటి ఉంది. ఎవరి మాటనైనా కాదనే ముందు, వాళ్లు ఏమన్నారో నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే నీ మాట. మన పాత శాస్త్రాల్లో దీన్ని పూర్వపక్షం అంటారట. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడానికే చేసేది వితండం అని న్యాయదర్శనం అనే మన పాత తర్కశాస్త్రంలో ఉంది. వితండవాదం అని మా నాయన నన్ను తిట్టే మాట అక్కడిదని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు ప్రత్యక్షం, అనుమానం పాఠం. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం. పాతకాలపు భౌతికవాదులైన చార్వాకులు కంటికి కనిపించేదే ప్రమాణం, అంటే నమ్మదగిన ఆధారం, అంటారు, న్యాయదర్శనం వాళ్లైన నైయాయికులు కొండ మీద పొగను చూసి నిప్పు ఉందని ఊహించడం కూడా ప్రమాణమే అంటారు. ఒక అమ్మాయి లేచి, స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో వాళ్లమ్మ ఉద్యోగం రొట్టె పట్టిందనీ, తర్వాత వాళ్లన్నకు ఉద్యోగం వచ్చిందనీ చెప్పింది. నేను నవ్వాను. సార్ నన్ను లేపి, "ఆ అమ్మాయి ఏమన్నదో చెప్పు" అన్నారు. "రొట్టె తింటే ఉద్యోగం వస్తుందంటోంది" అన్నాను. "నేనలా అనలేదు" అంది. రెండోసారీ తప్పే. మూడోసారి ఆమె చెప్పిందే నిదానంగా విన్నాను. రొట్టె పట్టినవాళ్లు కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి కదా, అలా ఇవ్వడానికి వచ్చినవాళ్లను చూసి వాళ్లమ్మకు ధైర్యం వచ్చింది, ఆ ధైర్యం ఇల్లంతటికీ వచ్చింది అన్నదే ఆమె మాట. నాకు సిగ్గేసింది. క్లాసయ్యాక వెళ్లి సారీ చెప్పాను.

మార్కులు ఇంటర్నల్ 25, సెమిస్టర్ పరీక్ష 75. ఇంటర్నల్‌లో వ్యాసానికి 5. నేను ఆ రొట్టె మీదే రాశాను, ఒకటి తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం కాదని. రెండు మార్కులొచ్చాయి. పక్కన "పూర్వపక్షం ఏదీ?" అని ఒక్క ముక్క. నా అభిప్రాయంతో ఆయనకు పేచీ లేదు, అవతలి పక్షం లేకుండా రాసినందుకు తగ్గించారు. వారంలోపు తిరగరాసి ఇవ్వొచ్చు. ఇచ్చాను, నాలుగొచ్చాయి. ఆ అమ్మాయికి మొదటిసారే నాలుగు. తిరగరాసే అవకాశం నాకు వేరే ఏ పేపర్‌లోనూ దొరకలేదు.

చర్చకు కూడా 5 మార్కులున్నాయి. లేచి మాట్లాడలేనివాళ్లు చీటీ మీద ప్రశ్న రాసి ఇచ్చినా లెక్కే, కానీ ఆ సంగతి సగం సెమిస్టర్ అయ్యాక చెప్పారు. అప్పటిదాకా వెనక బెంచీల్లో నలుగురైదుగురు ఊరికే మార్కులు పోగొట్టుకున్నారు. సెమిస్టర్ పరీక్ష మామూలే, బట్టీ పట్టినవాళ్లకు బాగానే వస్తాయి. నాకు బి ప్లస్ వచ్చింది.

ఐదుకు నాలుగు ఇస్తాను. బిట్రగుంట, కొడవలూరు వైపు నుంచి బండిలో వచ్చేవాళ్లు మొదటి రోజే సార్‌ను కలిసి, లేటైన రోజు టైం రాసుకోమని అడగండి. ఆయన రాసుకుంటారు.