జాగ్రత్త: అనంతపురంలో ‘బాలింతల స్పెషల్’ పొడి అమ్మే ఆమె దగ్గర ఎవరూ కొనొద్దు

కోపంలో రాస్తాండాను, తప్పులుంటే సర్దుకోని చదవండి.

బాలింతలకు ఒళ్ళు తగ్గే పొడి, దాంతోపాటు ఒక టీ కలిపి అమ్మే ఆ అక్క ఎవరో మన ఊర్లో కొత్తగా బిడ్డను కన్నోళ్ళకు నేను చెప్పే పనిలేదు. పొద్దున లేస్తే ఆమె స్టేటస్సే. పక్కపక్కన రెండు ఫొటోలు, కింద వరసగా గులాబీ పూలు. పేరు మాత్రం రాయను. లాయరుతో నోటీసు పంపిస్తానని బెదిరించింది. పంపించుకోనీ. మీకు అర్థమైపోయింటుంది.

నా సంగతి రొంతలో చెప్తా. సిజేరియన్. ఆడపడుచు నిశ్చితార్థం దగ్గర పడింది, ఉన్న జాకెట్లలో ఒక్కటి చేతుల్లోకి ఎక్కలేదు. చూసిన ప్రతి మనిషీ “ఏమ్మా ఇంత లావైపోయినావు” అనేదే. ఇంట్లో అవ్వేమో సంగటి ముద్దలో నెయ్యి గుంత చేసి పోస్తుంది, పాలు పడాలంటే తినాల్సిందే అంటుంది. రెండు పక్కలా సతాయింపు తట్టుకోలేక ఒకరోజు రాత్రి పాపకు పాలిస్తా ఇస్తానే ఆ అక్కకు మెసేజ్ పెట్టినాను. 4,800 రూపాయలు. ఫోన్‌పే చేయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. చీర కొనేటప్పుడు సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా ఒక్క అంగడి వదలకుండా తిరిగి బేరమాడే తెలివైనదాన్ని మరి.

నేను పెట్టిన మొదటి మెసేజ్ ఏందో చూడండి. ఉన్నదున్నట్టు రాస్తాండాను: “అక్కా, నాకు రెండున్నర నెలల పాప. పూర్తిగా నా పాలే. డబ్బా పాలు అస్సలు పట్టట్లేదు. నేను ఇది వాడొచ్చా?”

దానికి వాయిస్ మెసేజ్ వచ్చింది. తేనె కారతాంటుంది ఆ గొంతులో. “బంగారం, ఇది పాలిచ్చే తల్లుల కోసమనే ప్రత్యేకంగా చేయించిన పొడి రా. నీకు పాలు ఇంకా పెరుగుతాయి చూడు. నా సొంత చెల్లెలికి ఇవ్వనిది నీకిస్తానా?”

ఆ వాయిస్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

సరే, ఆమె చెప్పినట్టే చేసినాను. పొద్దున పొడి, మధ్యాహ్నం ఒక గిన్నెడు కూర ముక్కలు, రాత్రి మళ్ళీ పొడి, పడుకునే ముందు టీ. అన్నం, సంగటి, రొట్టె, చెనక్కాయలు అన్నీ బంద్. తూకం తగ్గింది, అబద్ధం చెప్పను. ఆమె కొనుక్కున్నోళ్ళందరినీ చేర్చిన వాట్సాప్ గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టినారు. నీళ్ళ విరేచనాలు అవుతాన్నాయి అక్కా అంటే “డీటాక్స్ బంగారం, చెత్తంతా బయటికి పోతాంది” అనింది. నిలబడితే కళ్ళు తిరుగుతాండాయి అంటే “కొవ్వు కరిగేటప్పుడు అట్లే ఉంటుంది” అనింది. పాప ఊరికే ఏడుస్తాంది, రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగి వదిలేస్తాంది అంటే “పళ్ళొస్తాండాయేమో” అనింది. మూడు నెలలకు పళ్ళు! అదీ విని ఊరుకున్నాను.

14 వారాల టీకాకు పోయినప్పుడు బయటపడింది. నర్సమ్మ పాపను తక్కెట్లో పెట్టి, కార్డు చూసి, మళ్ళీ పెట్టి చూసింది. ఈ వయసులో బిడ్డ రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరగాలంట. అంటే 10 వారాల టీకా నుంచి ఇప్పటికి 700 గ్రాములైనా రావాలి. మా పాప 300 కూడా పెరగలేదు. రోజుకు ఎన్నిసార్లు ఒంటికి పోస్తాంది అని అడిగింది. ఆరుసార్లకు తక్కువైతే పాలు చాలట్లేదని గుర్తంట. నేను లెక్క పెట్టుకున్నదే లేదు. నా తూకం మాత్రం పొద్దునా సాయంత్రం చూసుకున్నాను.

ఇంటికొచ్చి ఆమెకు ఫోన్ చేసినాను. స్పీకర్ పెట్టినాను, మా అమ్మ పక్కనే వెల్లుల్లి ఒలుస్తాంది.

ఎత్తగానే “చెప్పు బంగారం, ఎన్ని కిలోలు తగ్గినావు? ఫొటో పంపు, స్టేటస్‌లో పెడతా” అనింది.

పాప పెరగలేదక్కా, డాక్టరు దగ్గరికి పోతాండాను, ఆ పొడిలో, టీలో ఏమేమి ఉన్నాయో రొంత చెప్పు, ఆయన అడుగుతాడు కదా అన్నాను. గొంతు కూడా పెంచలేదు నేను. అవతల రొంతసేపు మాటే లేదు. ఆ తర్వాత మాట్లాడిన మనిషి వేరే.

“మేడమ్, మీరు పాలిచ్చే తల్లి అని మాకు ముందుగా చెప్పలేదు కదా.”

మేడమ్ అంట! ఆ పొద్దున దాకా బంగారాన్ని. బిడ్డ పేరు చెప్పగానే మేడమ్‌నైపోయినాను.

నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేసి ఆమె వాయిస్ మెసేజే ఆమెకు తిరిగి పంపినాను, పైన నేనడిగిన మెసేజ్ కూడా జతచేసి. నీలం టిక్కులు పడినాయి. వెంటనే ఆమే చేసింది. క్షమాపణ అడుగుతుందనుకున్నాను, నా పిచ్చి గానీ.

“అది అందరికీ పంపే వాయిస్ మేడమ్. మీ ఒక్కరి కోసం చెప్పింది కాదు. అయినా పాలు చాలకపోతే డబ్బా పాలు పట్టండి, ఏమైంది ఇప్పుడు? నా దగ్గరే ఉన్నాయి, మెడికల్ షాపు కంటే తక్కువకే ఇస్తా.”

ఇంకోసారి చదవండి ఆ మాట. నా పాలు తగ్గించే పొడి అమ్మింది. పాలు తగ్గినాయని ఏడిస్తే డబ్బా పాలు అమ్మజూపింది. గేదె పాలలో నీళ్ళు కలిపేవాడు కూడా ఆ నీళ్ళకు వేరే బిల్లు వేయడు.

మా అమ్మ ఉండబట్టలేక “నీకు పిల్లలు లేరా తల్లీ, ఏం మాటలు అవి” అనింది. దానికామె “ఆంటీ, మీరు మధ్యలో మాట్లాడొద్దు, కస్టమర్‌తో మాట్లాడుతున్నా” అనింది. మా అమ్మను! మా ఇంట్లో మా అమ్మతో ఇంతవరకు ఎవరూ అట్ల మాట్లాడింది లేదు. పొడికి పోయిన 4,800 కంటే ఆ ఒక్క మాట ఎక్కువ మండుతాంది నాకు. డబ్బులు వెనక్కి ఇవ్వమంటే లాయరు నోటీసు ముచ్చట తీసింది. రాత్రికల్లా నన్ను గ్రూపులోంచి తీసేసి, నంబరు బ్లాక్ చేసింది. గ్రూపులో చప్పట్లు కొట్టిన ఒక్క మనిషి కూడా ఎందుకు తీసేసినారని అడగలేదు.

ఆ డబ్బా పాల మాట తప్పు మాత్రమే కాదంట, చట్టానికే విరుద్ధం. పసిపిల్లల డబ్బా పాలకు ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. డబ్బా మీద కూడా తల్లిపాలే మేలని రాయాల్సిందే. పాలిచ్చే తల్లికి ఫోన్ చేసి మరీ రేటు తగ్గిస్తానని చెప్పడం ఎంత దూరం పోయిందో చూడండి.

ఇంగ ఆ కవరు సంగతి. టీ ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘కాసియా అంగుస్టిఫోలియా’ అని ఉంది. ఏదో విదేశీ మూలికనుకున్నాను, గొప్పగా కూడా అనిపించింది. పాతూరులో మాకు తెలిసిన ఆయుర్వేదం పెద్దాయనకు చూపిస్తే నవ్వినాడు. సునాముఖి అంట. నేలతంగేడు. విరేచనానికి వాడే ఆకు. పచారీ అంగట్లో గుప్పెడు ఎంతకొస్తుందో ఆయన చెప్పినాక ఆ 4,800 తలచుకుంటే కడుపు రగిలిపోయింది. ఆకు మంచిదే, మలబద్ధకానికి నాలుగు రోజులు చూసి వాడతారు, రోజూ రాత్రి తాగే టీ కాదమ్మా అన్నాడు. విరేచనాలతో పోయేది నీళ్ళు, లవణాలు. కొవ్వు చుక్క కూడా పోదు. గ్రూపులో చప్పట్లు కొట్టించుకున్న నా తూకంలో ఎక్కువ భాగం అదే. టీ మానేసినాక చాలా వరకు వెనక్కొచ్చేసింది.

పొడి కవరు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సామాన్లకు లైసెన్సు ఇచ్చే కేంద్ర సంస్థ) నంబరు ఉంది కదా అని ధైర్యపడినాను. అది వ్యాపారానికి ఇచ్చే లైసెన్సు మాత్రమే. ఈ పొడి ఒళ్ళు తగ్గిస్తుందని గానీ బాలింతకు మంచిదని గానీ ప్రభుత్వం చెప్పినట్టు కాదు. మా ఆయన ఆ నంబరును వాళ్ళ వెబ్‌సైట్లో కొట్టి చూసినాడు. వేరే ఊర్లో మసాలా పొడులు చేసేవాళ్ళది అది. అంటే మా పాప తల్లి రెండు పూటలా తాగింది ఏందో ఈ పొద్దుకీ నాకు తెలీదు.

పిల్లల డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండేది. పాపకు సరిగ్గా దేనివల్ల ఇట్లయిందో ఖాయంగా చెప్పలేను, టీ కంటే నీ తిండే పెద్ద కారణం అన్నాడు. ఆ అక్క చెప్పిన తిండి చార్టు తీసుకుని లెక్కేసినాడు, రోజుకు వెయ్యి కేలరీలు కూడా దాటలేదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం పెద్ద శ్రమ లేని ఆడమనిషికి రోజుకు 1,660 కేలరీలు కావాలి. పాలిచ్చే మొదటి ఆరు నెలలు దానికి ఇంకో 600 కలపాలి. అందరికంటే ఎక్కువ తినాల్సిన టైములో నేను సగం కంటే తక్కువ తిన్నాను, అదీ విరేచనాలతో పోగొట్టుకుంటా. బిడ్డ కోసం ఒళ్ళు తన కొవ్వునే కరిగించి పాలు చేస్తుంది, నువ్వు దాన్ని బెదరగొట్టకుండా ఉంటే చాలు అన్నాడు. పేరు తెలియని పొడులంటే ఆయనకు వేరే భయం కూడా ఉంది. 2011లో మన దేశంలో నిషేధించిన సిబుట్రమిన్ అనే మందును దొంగతనంగా కలిపిన సన్నబడే పొడులు చాలాచోట్ల పట్టుబడినాయంట. అది గుండెకు ప్రమాదం. నా పొడిలో ఉందని ఆయన అనలేదు. లేదనీ అనలేకపోయినాడు.

ఇంగ తగ్గేదెట్ల సారూ అంటే ఆయన చెప్పింది వింటే మీకు నిరాశే, స్టేటస్ పెట్టుకునేంత గొప్పగా ఏమీ లేదు. వారానికి అర కిలోకు మించి తగ్గాలని చూడొద్దు. తగ్గాలనుకున్నా 1,800 కేలరీల కిందికి దిగొద్దు. సంగటి తిను, ముద్ద రొంత చిన్నది చేసి పప్పు, ఆకుకూర పెంచు. అవ్వ పోసే నెయ్యి గుంతను ఒక చెంచాకు దింపు. గుడ్డు తిను, గుప్పెడు చెనక్కాయలు తిను, మజ్జిగ తాగు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఇంట్లో అందరికీ పంచకుండా నువ్వే తిను. (ఇది మా అత్త వినేటట్టు గట్టిగా చెప్పినాడు, ఆయనకు ఎట్ల తెలిసిందో.) బేకరీ సామాన్లు, కూల్‌డ్రింకులు మానెయ్. సిజేరియన్ డాక్టరు సరే అంటే నడువు. ఇప్పుడు మా ఆయన పాపను ఎత్తుకుంటే సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడుస్తాండాను. జాకెట్లు ఇంకా పట్టవు. నిశ్చితార్థానికి టైలరుతో కుట్లు విప్పించుకుని పోయినాను, కొంప మునగలేదు. పాప మళ్ళీ పెరుగుతాంది, ఏడుపు కూడా తగ్గింది.

మీకు చెప్పేది ఇంతే: పాలిచ్చేటప్పుడు ఏ పొడి గానీ టీ గానీ కొనాలనిపిస్తే కవరు వెనక వైపు ఫొటో ముందే అడగండి, డాక్టరుకో ఫార్మసీలో చదువుకున్నోళ్ళకో చూపించండి. ఫొటో పంపడానికి నసిగితే అక్కడికే వదిలేయండి. వాయిస్ మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఖాళీ కవర్లు, ఫోన్‌పే రసీదులు పారేయొద్దు. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పినాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో కూడా కేసు వేస్తాండాను. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊర్లోనే వేసుకోవచ్చు. ఒకే బాధ ఉన్నవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయొచ్చంట. ఆ గ్రూపులో ఉన్న చెల్లెళ్ళు, అక్కలు ఎవరికైనా ఇట్లయి ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పేర్లు బయటపెట్టను. ఆమె ‘మీ ఒక్కరి కోసం చెప్పింది కాదు’ అనింది కదా, అదే వాయిస్ ఇంకెంతమంది ఫోన్లలో ఉందో చూద్దాం.